క్యాలరీలు చూసుకుంటూ నూనె, నెయ్యి వాడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

బరువు తగ్గాలనుకున్నవాళ్లు అన్నం తగ్గిస్తారు, పంచదార మానేస్తారు, సాయంత్రం నడుస్తారు. నూనె దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తప్పుతుంది, ఎందుకంటే అన్నం కంచంలో కనిపిస్తుంది, నూనె కనిపించదు. తెలిసినవాళ్లు, చుట్టాలు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే.

ఒక్క మాట ముందే చెప్పాలి. షుగర్, గుండె జబ్బు, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తమ డాక్టర్ని అడిగే మార్పులు చేసుకోండి. చిన్నపిల్లల తిండిలో నూనె, నెయ్యి తగ్గించే పని అసలు పెట్టుకోవద్దు, ఎదిగే వయసులో వాళ్లకి కొవ్వు కావాలి.

## మొదలుపెట్టే ముందు

ఒక స్పూన్ నూనెలో ఎన్ని క్యాలరీలు?

టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు. అందులో దాదాపు 4.5 గ్రాముల నూనె, సుమారు 40 క్యాలరీలు ఉంటాయి. టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, 120 క్యాలరీలు. పిండిపదార్థం, ప్రొటీన్ గ్రాముకి 4 క్యాలరీలు ఇస్తే కొవ్వు 9 ఇస్తుంది, తేడా అంతా అక్కడే. వండిన అన్నం 100 గ్రాములు తింటే 130 క్యాలరీలు వస్తాయి, అంటే మూకుట్లో అదనంగా పడిన ఒక టేబుల్ స్పూన్ నూనె దాదాపు ఒక చిన్న కప్పు అన్నంతో సమానం. ఇళ్లలో నూనె పోసే గరిటెలు ఒక్కోటి ఒక్కో సైజు కాబట్టి, మీ గరిటెలో ఎన్ని టీస్పూన్ల నీళ్లు పడతాయో ఒకసారి కొలిచి చూసుకోండి. చాలామంది ‘ఒక స్పూనే వేస్తా’ అనే స్పూన్ అసలు టీస్పూన్ కాదని అప్పుడు తెలుస్తుంది.

ఆలివ్ ఆయిల్‌లో క్యాలరీలు తక్కువ కదా?

తక్కువ కాదు. ఆలివ్, పల్లి, నువ్వులు, పొద్దుతిరుగుడు, కొబ్బరి, తవుడు, పామాయిల్, ఏ నూనె అయినా గ్రాముకి 9 క్యాలరీలే. ఆలివ్ ఆయిల్ సీసా మీద ‘లైట్’ అని ఉంటే అది రంగు, రుచి గురించే, క్యాలరీల గురించి కాదు. నెయ్యి కూడా దాదాపు పూర్తిగా కొవ్వే. వెన్నలో కొంత నీరుంటుంది, కొవ్వు 80 శాతం వరకే కాబట్టి అదొక్కటే కాస్త తక్కువ, టీస్పూన్‌కి 35 దాకా. ఏ నూనె ఆరోగ్యానికి మంచిది అన్నది వేరే ప్రశ్న. బరువు విషయంలో మాత్రం ఏ నూనె అన్నదానికంటే ఎంత నూనె అన్నదే ముఖ్యం.

రోజుకి ఒక మనిషికి ఎంత వాడొచ్చు?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకి 2000 క్యాలరీలు తినే మనిషి కంచంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు పెట్టింది. అంటే ఆరు టీస్పూన్లు. పల్లీలు, గింజలు 35 గ్రాములు విడిగా ఉన్నాయి. బరువు తగ్గడానికి 1400, 1500 క్యాలరీలకి దిగినవాళ్లు నూనెని కూడా ఆ మేరకు తగ్గించాలి, మూడు నాలుగు టీస్పూన్లు పెట్టుకుంటే వంట రుచీ పోదు, లెక్కా తప్పదు అని నా అభిప్రాయం. ఇందులో పొద్దున దోసె మీద వేసింది, మధ్యాహ్నం అన్నంలో నెయ్యి, రాత్రి చపాతీకి రాసింది అన్నీ వస్తాయి.

నూనె మొత్తం మానేస్తే ఇంకా త్వరగా తగ్గుతాను కదా?

కొన్నాళ్లు తగ్గొచ్చు, కానీ అలా ఎక్కువ రోజులు ఉండలేరు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. తోటకూర, క్యారెట్, మునగాకులో ఉన్న మేలు కూడా కాస్త నూనె తోడుంటేనే బాగా అందుతుంది. శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని కొవ్వు ఆమ్లాలు రెండున్నాయి, అవి తిండిలోనే రావాలి. నూనె చుక్క లేకుండా వండే పద్ధతుల్లో కూడా నువ్వుల పొడి, కొబ్బరి, పల్లీల పొడి వేస్తారు, కొవ్వు అటునుంచి వస్తుంది. అదీ ఇదీ ఏదీ లేకుండా ఉడకబెట్టిన కూరలే తింటే నాలుగో రోజుకి మనసు మిక్చర్ ప్యాకెట్ మీదికి పోతుంది.

పది శాతం తగ్గించమని ప్రధాని చెప్పారు, అంత తగ్గిస్తే చాలా?

2025 ఫిబ్రవరి మన్ కీ బాత్‌లో మోదీ ఆ మాట అన్నారు. లెక్క చూద్దాం. నలుగురున్న ఇంట్లో నెలకి నాలుగు లీటర్లు అయితే పది శాతం అంటే 400 మిల్లీలీటర్లు, దాదాపు 3,300 క్యాలరీలు. నలుగురికి, ముప్పై రోజులకి పంచితే మనిషికి రోజుకి 27 క్యాలరీలు. మొదలుపెట్టడానికి మంచిది, ఎవరికీ తేడా కూడా తెలియదు. బరువు తగ్గాలనుకునేవాళ్లకి మాత్రం అది సరిపోదు, మూడో వంతు తగ్గిస్తేనే తూకంలో ఏదైనా కనిపిస్తుంది. ఒకేసారి కాకుండా రెండు మూడు నెలల్లో అక్కడికి రండి.

## కొనేటప్పుడు

ఏ నూనె మంచిది? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు

అందరూ ఒక్క విజేత పేరు చెప్పమంటారు, అలాంటి నూనె లేదు. ప్రతి నూనెలో మూడు రకాల కొవ్వులు వేర్వేరు పాళ్లలో ఉంటాయి. కొబ్బరి నూనెలో 90 శాతం దాకా, పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వే. నెయ్యిలో 60 శాతం పైనే. ఈ రకం ఎక్కువైతే చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. పల్లి నూనె, నువ్వుల నూనె, తవుడు నూనెల్లో అది దాదాపు 15 నుంచి 20 శాతం, పొద్దుతిరుగుడు నూనెలో ఇంకా తక్కువ, కానీ తిండిలోనే రావాల్సిన ఆ రెండు రకాల కొవ్వుల్లో మామూలు పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా 6 చాలా ఎక్కువ, ఒమేగా 3 దాదాపు ఉండదు. ఒమేగా 3 ఆవనూనెలో, సోయా నూనెలో కొంత ఉంటుంది, అవిసె గింజల్లో బాగా ఉంటుంది.

అందుకే మార్చి మార్చి వాడమంటారు. ఇంట్లో మూడు డబ్బాలు పెట్టుకోవాల్సిన పని లేదు. ఈ నెల పల్లి నూనె అయిపోతే వచ్చే నెల తవుడు నూనె తెచ్చుకోండి, పచ్చళ్లకీ పొడులకీ ఒక చిన్న సీసా నువ్వుల నూనె ఉంచుకోండి, కారప్పొడిలో రోజూ కాసిన్ని అవిసె గింజలు కలుపుకోండి. మన ఇళ్లకి ఇంతకంటే క్లిష్టమైన ఏర్పాటు అవసరం లేదు.

గానుగ నూనె వాడితే బరువు పెరగరట, నిజమేనా?

క్యాలరీల్లో తేడా లేదు, గానుగ నూనెతోనూ పెరుగుతారు. అయితే ఒక లాభం ఉంది. గానుగ పల్లి నూనెకి, నువ్వుల నూనెకి వాసన, రుచి బాగా ఉంటాయి, ఒక టీస్పూన్‌తో పెట్టిన తాలింపు వీధి గుమ్మం దాకా వాసనొస్తుంది. రిఫైన్డ్ నూనెకి ఆ రుచి ఉండదు కాబట్టి తెలియకుండానే ఎక్కువ పోస్తాం. గానుగ నూనె త్వరగా పొగ వస్తుంది, పెద్ద మంట మీద వేపుళ్లకి, గారెలకి అది అంత అనుకూలం కాదు.

‘కొలెస్టరాల్ లేదు’ అని రాసి ఉన్న ప్యాకెట్ తీసుకోవాలా?

మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్టరాల్ ఉండదు. ఆ మాట అన్ని ప్యాకెట్లకీ వర్తిస్తుంది, పామాయిల్‌కి కూడా. వెనక వైపు తిప్పి సంతృప్త కొవ్వు ఎంత, ట్రాన్స్ కొవ్వు (నూనెని గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకి చెడు చేసే కొవ్వు) ఎంత అన్నది చూడండి. 2022 నుంచి మన దేశంలో నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని నియమం ఉంది. ప్యాకెట్ బరువు కూడా చూసుకోండి, లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. అంతకంటే తక్కువ గ్రాములుంటే అది లీటరు ప్యాకెట్ కాదు, ధర పోల్చేటప్పుడు మోసపోతారు.

స్ప్రే సీసా కొనాలా?

పెనం మీద పలచగా, అంతటా పడేలా చల్లుకోవడానికి బాగుంటుంది. దోసెలు, చపాతీలు, ఎయిర్ ఫ్రైయర్ వాడేవాళ్లకి పనికొస్తుంది. లోపల ఉన్నది నూనే, కాబట్టి పది సార్లు నొక్కితే పది సార్ల క్యాలరీలూ వస్తాయి. ఒకసారి తూకం మీద గిన్నె పెట్టి పదిసార్లు చల్లి ఎన్ని గ్రాములు వచ్చిందో చూడండి, మీ సీసా లెక్క తెలిసిపోతుంది.

## పొయ్యి దగ్గర

ప్రతిసారీ స్పూన్‌తో కొలవడం నా వల్ల కాదు. వేరే దారి ఉందా?

ఉంది, పైగా అదే తేలిక. పొద్దున ఆ రోజుకి ఇంటిల్లిపాదికీ కావాల్సిన నూనె ఒక చిన్న గిన్నెలోకి తీసి పొయ్యి పక్కన పెట్టుకోండి. నలుగురికి 80 గ్రాములు అనుకుందాం, అది 90 మిల్లీలీటర్లకి కాస్త తక్కువ. టిఫిన్, కూర, తాలింపు, రాత్రి చపాతీలు అన్నీ అందులోంచే. పెద్ద డబ్బా అల్మరాలోనే ఉండాలి. రెండు మూడు రోజులు సాయంత్రానికి గిన్నె ఖాళీ అయిపోతుంది, తర్వాత పొద్దున టిఫిన్ దగ్గరే చెయ్యి దానంతటదే అదుపులోకి వస్తుంది.

క్యాలరీల యాప్ వాడేవాళ్లైతే నూనె సీసాని వంటకి ముందు, తర్వాత తూకం వేయండి. తేడా గ్రాములని 9తో గుణించి, తినేవాళ్ల సంఖ్యతో భాగిస్తే చాలు.

పప్పుకి, చారుకి తాలింపు ఎంత నూనెతో పెట్టాలి?

నలుగురి పప్పుకి రెండు టీస్పూన్లు చాలు, చారుకి ఒకటి. చిన్న పోపు గరిటె వాడటమే ఇందులో కిటుకు. వెడల్పాటి బాండీలో రెండు టీస్పూన్లు వేస్తే ఆవాలు తడవవు, దాంతో ఇంకొంచెం పోస్తాం. లోతైన పోపు గరిటెని కాస్త వంచి పట్టుకుంటే అదే నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి అన్నీ మునిగి వేగుతాయి. ఇంగువ, కరివేపాకు ఆఖర్న వేసి వెంటనే పప్పులో బోర్లించి మూత పెట్టండి. నూనె ఉన్నదని నాలుకకి తెలిసే చోటు తాలింపే, కాబట్టి ఇక్కడ పూర్తిగా కోయకండి. కూర అడుగున ఎవరికీ తెలియకుండా పోయే నూనె ఉంటుంది, అక్కడ కోయండి.

బెండకాయ, దొండకాయ వేపుడు తక్కువ నూనెతో అవుతుందా?

అవుతుంది, కాకపోతే టైమ్ పడుతుంది. దొండకాయ, బంగాళాదుంప ముందు ఆవిరి మీద ముప్పాతిక వంతు ఉడికించి, నీరంతా ఆరాక మందపాటి మూకుట్లో మూడు నాలుగు టీస్పూన్ల నూనెతో సన్న సెగ మీద వదిలేయండి. మాటిమాటికీ కలపకండి, అడుగు ఎర్రబడాలి. బెండకాయ కడిగి, పూర్తిగా తుడిచి, గాలికి ఆరనిచ్చాక కోయాలి, ఉప్పు ఆఖర్న వేయాలి, లేకపోతే జిగురు తగ్గించడానికి నూనె పోయాల్సి వస్తుంది.

వంకాయ సంగతి వేరు. దాని గుజ్జంతా గాలి నిండిన స్పాంజ్‌లా ఉంటుంది, ఎంత పోసినా తాగుతుంది. గుత్తి వంకాయలని ముందు ఆవిరి మీద కొంచెం మెత్తబరిస్తే ఆ గాలి పోతుంది, తర్వాత సగం నూనెతోనే కూర దిగుతుంది. నిండా నూనె తేలే గుత్తి వంకాయ రుచి ఇందులో రాదన్నది నిజం. పండక్కి అలా వండుకోండి, మామూలు రోజుల్లో ఇలా.

వంటల వీడియోల్లో ‘నూనె తేలే వరకు’ అంటారు. తక్కువ వేస్తే నూనె తేలదు, మరి ఉడికిందని ఎలా తెలుస్తుంది?

నూనె తేలడం అంటే మసాలాలో నీరు ఇంకిపోయిందని గుర్తు. నూనె తక్కువైతే గుర్తులు మారతాయి: పచ్చివాసన పోతుంది, ముద్ద గిన్నె అంచుల నుంచి విడిపోయి ఒక దగ్గరికి వస్తుంది, టమాటా రంగు ముదురుతుంది. అడుగంటుతుంటే నూనెకి బదులు రెండు స్పూన్ల వేడి నీళ్లు చల్లి మూత పెట్టండి. ఉల్లిపాయలకి మొదట్లోనే కాస్త ఉప్పు వేస్తే వాటి నీళ్లలోనే అవి మగ్గుతాయి. మటన్ కూరైతే ముందురోజు వండి ఫ్రిజ్‌లో పెట్టండి, పైన గడ్డకట్టిన కొవ్వు స్పూన్‌తో తీసేయొచ్చు, కూర రుచి కూడా మర్నాటికే బాగుంటుంది.

దోసె నూనె లేకుండా వస్తుందా?

బాగా అలవాటు పడిన ఇనప పెనం మీద వస్తుంది. సగం కోసిన ఉల్లిపాయని ఫోర్క్‌కి గుచ్చి, నూనెలో అద్ది పెనమంతా రుద్దితే ఒక టీస్పూన్ నూనెతో నాలుగు దోసెలు పోయొచ్చు. పెసరట్టుకి అంచుల వెంట అర టీస్పూన్ పడితేనే కరకరలాడుతుంది, అది 20 క్యాలరీలే, వేసుకోండి. హోటల్ దోసె మీద గరిటెతో తిప్పే నూనెతో దీనికి పోలికే లేదు.

పూరీలు, గారెలు ఎంత నూనె పీలుస్తాయో ఎలా తెలుసుకోవాలి?

వేయించే ముందు నూనెని తూకం వేయండి, చల్లారాక మిగిలింది మళ్లీ తూకం వేయండి. ఉదాహరణకి 500 గ్రాములు పోస్తే 440 మిగిలి, 12 పూరీలు వచ్చాయనుకుందాం. 60 గ్రాములు పోయింది, పూరీకి 5 గ్రాములు, 45 క్యాలరీలు నూనెవే. పిండివి అదనం.

ఒక సంగతి చాలామందికి తెలియదు. పూరీ నూనెలో ఉన్నంతసేపూ లోపలి నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంటుంది, నూనెని రానివ్వదు. బయటికి తీసి చల్లారేటప్పుడు ఆ ఆవిరి తగ్గి, పైన అంటుకున్న నూనె లోపలికి లాక్కుంటుంది. కాబట్టి చిల్లుల గరిటెతో తీసిన వెంటనే మూకుడు అంచున రెండు మూడు సార్లు దులిపి, వేడి మీదే కాగితం మీద వేసి అటూ ఇటూ తిప్పండి. చల్లారాక ఎంత ఒత్తినా పెద్దగా లాభం లేదు. నూనె సరిగా కాగకముందే వేసినా, మూకుట్లో ఒకేసారి ఎక్కువ వేసినా సెగ తగ్గిపోయి నూనె ఎక్కువ పడుతుంది. గారెల పిండి జారుగా ఉన్నా అంతే.

ఎయిర్ ఫ్రైయర్ కొంటే మంచిదా?

బంగాళాదుంప, కాకరకాయ ముక్కలు, చికెన్, కట్లెట్లు వారంలో మూడు నాలుగు సార్లు చేసుకునే ఇల్లైతే కొనండి. జారుగా ఉండే పిండితో చేసే బజ్జీలు, గారెలు అందులో రావు, పిండి కారిపోతుంది. పునుగుల పిండి, గారెల పిండి మిగిలితే గుంత పొంగనాల పెనంలో గుంతకి నాలుగు చుక్కల నూనెతో వేసుకోండి, పైన కరకర, లోపల మెత్తగా వస్తాయి, ఖర్చు కూడా తక్కువ.

గారెలు వేయించాక మిగిలిన నూనె ఏం చేయాలి?

వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరలకి, తాలింపులకి వాడేయండి. మళ్లీ వేయించడానికి వాడొద్దు. పదే పదే కాచిన నూనెలో చెడు పదార్థాలు పెరుగుతాయి, నల్లబడటం, చిక్కబడటం, నురగ రావడం, త్వరగా పొగ రావడం వాటి గుర్తులు. అలాంటిది కనిపిస్తే పారేయాల్సిందే, సింకులో పోయకుండా సీసాలో నింపి చెత్తలో వేయండి. అసలు చిన్న మూకుట్లో తక్కువ నూనెతో వేయిస్తే మిగిలేదే తక్కువ.

## కంచం దగ్గర

నెయ్యి తింటే కొవ్వు కరుగుతుందంటారు, తినొచ్చా?

కరగదు. టీస్పూన్‌కి 40 క్యాలరీలు, అందులో సగానికి పైగా సంతృప్త కొవ్వు. అయినా నేను మానమని చెప్పను. ముద్దపప్పులో, కందిపొడిలో ఒక టీస్పూన్ నెయ్యి వేసుకుంటే తినే అన్నం తృప్తిగా ఉంటుంది. గిన్నెలోంచి జారవిడవకుండా కరగని నెయ్యి టీస్పూన్‌తో గీసి తీసుకోండి, వేడన్నం మీద అదే కరుగుతుంది. మొదటి నాలుగు ముద్దలకి కలుపుకోండి, మొత్తం అన్నానికి అక్కర్లేదు. ఆ రోజు నూనె ఒక టీస్పూన్ తగ్గించుకుంటే లెక్క సరి.

ఆవకాయ మానాలా?

మానొద్దు. జాడీలో పైన తేలే నూనెని మాత్రం అన్నంలోకి దించకండి. ముక్కని, కాస్త గుజ్జుని జాడీ అంచుకి ఒత్తి నూనె కారాక వేసుకోండి. పచ్చడి కలిపేటప్పుడు నూనె తగ్గించడం తప్పు, పైన నూనె నిలవకపోతే గాలి తగిలి బూజు పడుతుంది. ఆవకాయన్నంలో మళ్లీ నెయ్యీ నూనే పోసుకునే అలవాటుంటే రెండిట్లో ఒకటి ఎంచుకోండి. ఉప్పు సంగతి కూడా ఉంది, బీపీ ఉన్నవాళ్లకి నూనెకంటే అదే పెద్ద సమస్య.

పల్లీ చట్నీ, కొబ్బరి కూడా నూనె లెక్కలోకి వస్తాయా?

నూనె గిన్నె లెక్కలోకి రావు, క్యాలరీల లెక్కలోకి తప్పకుండా వస్తాయి. పల్లీల్లో దాదాపు సగం కొవ్వే, 100 గ్రాములకి 570 క్యాలరీల దాకా. నలుగురికి 100 గ్రాముల పల్లీలతో చట్నీ చేస్తే మనిషికి 140, రెండు ఇడ్లీలకంటే ఎక్కువ. పచ్చి కొబ్బరి 100 గ్రాములు 350, ఎండుకొబ్బరి అయితే 650 పైనే. వీటిలో పీచు, పల్లీల్లో ప్రొటీన్ ఉన్నాయి కాబట్టి నూనెకంటే మేలు. పల్లీలు సగం చేసి వేయించిన శనగపప్పు గానీ సొరకాయ గానీ కలిపితే చట్నీ చిక్కదనం పోదు.

పాలు, పెరుగు మార్చుకోవాలా?

చాలా ఇళ్లలో నూనె తగ్గించినా బరువు కదలకపోవడానికి కారణం ఇక్కడుంటుంది. ఫుల్ క్రీమ్ పాలల్లో 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం కొవ్వు. రోజుకి అర లీటరు తాగేవాళ్లు, పెరుగుతో కలిపి, ఫుల్ క్రీమ్ నుంచి టోన్డ్‌కి మారితే 15 గ్రాముల కొవ్వు, 135 క్యాలరీలు తగ్గుతాయి. గేదె పాలే కావాలంటే కాచి చల్లార్చి మీగడ తీసేయండి.

## బయట, పండగల్లో, ఇంట్లో వాళ్లతో

కర్రీ పాయింట్ కూరలే మాకు దిక్కు, ఏం చేయాలి?

పప్పు, చారు, పులుసు, ఆకుకూర తీసుకోండి, వేపుళ్లు తగ్గించండి. కవర్ విప్పి వెడల్పు గిన్నెలో పోసి ఐదు నిమిషాలు ఒక పక్కకి వంచి ఉంచితే తేలిన నూనె ఆ పక్కకి చేరుతుంది, స్పూన్‌తో తీసేయండి. ఒక్క కూర మాత్రం ఇంట్లో వండుకోగలిగితే అది వేపుడే అవ్వాలి, ఎందుకంటే నూనె తేడా అందులోనే ఎక్కువ.

సంక్రాంతి పిండివంటలు తినకుండా ఎలా?

తినండి, పండగ రోజుల్లో. సమస్య పండగ తర్వాత రెండు వారాలు డబ్బా అందుబాటులో ఉండటం. సకినాలు, జంతికలు సన్నగా ఉంటాయి కాబట్టి బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ, నూనె కూడా ఎక్కువ పడుతుంది. అరిసెలని చెక్కల మధ్య గట్టిగా ఒత్తి నూనె తీయడం పాతకాలం నుంచి ఉన్నదే, ఆ పని వేడి మీద, తొందరపడకుండా చేయండి. మీ వాటా ముందే ఒక డబ్బాలోకి తీసుకుని మిగతావి పంచేయండి.

వంట అత్తగారిది. నూనె తగ్గించమంటే బాధపడతారు

క్యాలరీల లెక్కలు చెప్పి ఒప్పించాలని చూడకండి. ‘అత్తయ్యా, తాలింపు మీ చేత్తోనే పెట్టండి, కూర కాస్త పొడిగా దించుదాం, నాకు అరగట్లేదు’ అంటే సరిపోతుంది. మీ భాగం కూర తాలింపుకి ముందే తీసిపెట్టమని అడగకండి, అది నిజంగా మనసుకి తగులుతుంది. నూనె తెచ్చే పని మీరు తీసుకుని నెలకి ఒక ప్యాకెట్ తక్కువ తెస్తే ఇంట్లో గొడవ లేకుండా మార్పు మొదలవుతుంది.

నూనె తగ్గించి నెలన్నర అయింది, బరువు కదలట్లేదు. ఎందుకు?

ముందు నిజంగా తగ్గిందో లేదో చూడండి. నెల మొదట్లో ఇంట్లో ఉన్న నూనె, నెయ్యి, మధ్యలో కొన్నది కలిపి, నెలాఖరున మిగిలింది తీసేసి, గ్రాముల్లోకి మార్చి మనుషులతో, రోజులతో భాగించండి. 20 గ్రాముల లోపు వస్తే నూనె వంతు అయిపోయింది, ఇక వేరే చోట వెతకాలి. కూర పొడిగా ఉందని అన్నం ఒక గరిటె ఎక్కువ పెట్టుకుంటున్నారేమో, టీలో పాలు, పంచదార ఎంత పోతున్నాయో, ఆఫీసులో సమోసాలు ఎన్నో చూసుకోండి. అవన్నీ సరిగ్గానే ఉండి ఇంకో నెల కూడా తూకం అలాగే ఉంటే, థైరాయిడ్ పరీక్ష చేయించుకుని డాక్టర్‌తో మాట్లాడండి. వెళ్లేటప్పుడు ఆ నూనె లెక్క రాసుకున్న కాగితం కూడా తీసుకెళ్లండి.